గేమింగ్‌కు టీవీ కొంటున్నారా? రిజల్యూషన్ ఎంత చాలో, డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకునే మార్గదర్శి

పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5 గేమింగ్ కన్సోల్) ఉన్న ఇంట్లో కొత్త టీవీ మాట రాగానే మొదట వచ్చే ప్రశ్న "4కేనా, కాదా?" అని. ఇవాళ 43 అంగుళాలు, ఆపైన షోరూముల్లో కనిపించే టీవీల్లో అత్యధికం 4కేనే. పాతిక వేల రూపాయల టీవీ 4కేనే, లక్షన్నర టీవీ కూడా 4కేనే. రెండింటిలోనూ పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, అడ్డంగా 3,840, నిలువుగా 2,160, మొత్తం సరిగ్గా 82,94,400. అయినా ఆట మొదలెట్టిన పది నిమిషాలకే రెండింటికీ పొంతన లేదని తెలిసిపోతుంది. ఆ తేడా ఎక్కడిదో తెలిస్తేనే కొనుగోలు సరిగ్గా సాగుతుంది.

తేల్చి చెప్పాలంటే: 43 అంగుళాలు దాటితే 4కే తీసుకోండి, అందులో ఆలోచించాల్సింది లేదు. అంతకు నాలుగు రెట్ల పిక్సెళ్లుండే 8కే కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. 4కే ఖాయం చేసుకున్నాక మిగిలిన బడ్జెట్ అంతా ప్యానెల్ వేగం, కాంట్రాస్టు (నలుపు తెలుపుల తేడా), ఇన్‌పుట్ ల్యాగ్ (బటన్ నొక్కాక తెర స్పందించే ఆలస్యం), మీ గదికి తగిన సైజు, ఈ నాలుగింటి మీదే పెట్టండి. ఎందుకో, ఎలాగో కింద వరసగా ఉంది.

మొదటి మెట్టు: టేపు పట్టుకుని దూరం కొలవండి

షాపుకెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఇది. ఆడేటప్పుడు మీ కన్ను ఎక్కడ ఉంటుందో అక్కడి నుంచి తెర ఉండబోయే చోటికి కొలవండి. సోఫా వెనక అంచు నుంచి గోడకు కొలిస్తే అడుగు, అడుగున్నర తేడా వస్తుంది. బల్ల మీద పెట్టే టీవీ తెర గోడ నుంచి ముప్పావు అడుగు నుంచి అడుగు దాకా ముందుకు ఉంటుంది. గోడకు బిగిస్తే మూడు నాలుగు అంగుళాలే. నేల మీద చాప వేసుకుని ఆడే అలవాటుంటే ఆ దూరం వేరుగా కొలవండి.

చూపు 6/6 ఉన్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు వివరాన్ని విడదీసి చూడగలదు. దీన్ని టీవీకి అన్వయిస్తే ఒక చిన్న సూత్రం వస్తుంది: తెర సైజును అంగుళాల్లో తీసుకుని 0.13తో గుణించండి. వచ్చిన అంకె అడుగుల్లో దూరం. ఆ దూరం దాటితే 1080పీ (1920×1080, ఫుల్ హెచ్‌డీ) తెర మీద పిక్సెళ్లు విడివిడిగా కనపడవు. అందులో సగం దూరం 4కేకు హద్దు, పావు దూరం 8కేకు హద్దు.

- 43 అంగుళాలు: 1080పీకి 5.6 అడుగులు, 4కేకు 2.8
- 50 అంగుళాలు: 6.5 అడుగులు, 3.3
- 55 అంగుళాలు: 7.2 అడుగులు, 3.6
- 65 అంగుళాలు: 8.5 అడుగులు, 4.2
- 75 అంగుళాలు: 9.8 అడుగులు, 4.9

మీరు కూర్చునే చోటు ఈ రెండు అంకెల మధ్య పడితే 4కేకు పెట్టిన డబ్బు కంటికి అందుతుంది. మొదటి అంకె దాటి వెనక్కి వెళ్లేకొద్దీ 4కే, 1080పీ ఒకటిలాగే కనిపిస్తాయి. 8కే తేడా తెలియాలంటే రెండో అంకె కన్నా దగ్గరికి రావాలి. 65 అంగుళాల తెర ముందు నాలుగు అడుగుల్లోపు కూర్చుని ఎవరూ ఆడరు. 8కే వద్దనడానికి ఈ ఒక్క కారణం చాలు. పైగా కన్సోల్ ఆటలు దాదాపుగా అన్నీ 4కే, అంతకు తక్కువ రిజల్యూషన్‌లోనే నడుస్తాయి.

ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు. ఆటల్లో కరెంటు తీగలు, కంచెలు, గడ్డి పరకల అంచులు తక్కువ రిజల్యూషన్‌లో మినుకుమినుకుమంటాయి. ఆ కదలికను కన్ను హద్దు దాటాక కూడా పసిగడుతుంది. కాబట్టి 4కే లాభం పైన చెప్పిన దూరానికి అడుగు, అడుగున్నర అవతల దాకా కొద్దికొద్దిగా ఉంటుంది. కళ్లద్దాలు అవసరమై కూడా పెట్టుకోనివారికి మాత్రం హద్దు ఇంకా ముందుకే వస్తుంది. అలాంటప్పుడు టీవీ కన్నా ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం నయం.

కోనసీమ, పశ్చిమ గోదావరి పల్లెల్లో మండువా లోగిళ్లలోనూ, పొడవాటి హాళ్లున్న పాత డాబాల్లోనూ టీవీకీ సోఫాకీ మధ్య పన్నెండు అడుగులు ఉండటం మామూలే. ఆ దూరంలో 55 అంగుళాల 4కే టీవీ పెడితే పిక్సెళ్ల లాభం పూర్తిగా పోయినట్టే. పన్నెండు అడుగుల దూరంలో 4కే తేడా మొదలవ్వాలంటే 92 అంగుళాల తెర కావాలి. అంత ఖర్చు అక్కర్లేదు. ఆడేటప్పుడు ఒక కుర్చీ ఆరడుగుల దూరానికి లాక్కుంటే చాలు, 55 అంగుళాల తెర కంటి ముందు సుమారు 37 డిగ్రీల వెడల్పున పరుచుకుంటుంది. ఆటకు అది చక్కని కొలత. ఇంట్లోవాళ్లు సీరియళ్లు సోఫాలోంచే చూసుకుంటారు.

అన్నట్టు, ఇంట్లో ఎస్‌డీ చానళ్లు ఎక్కువ చూస్తారా? ఆ సిగ్నల్ 720×576 మాత్రమే. 65 అంగుళాల 4కే తెర మీద దాన్ని సాగదీస్తే పాత టీవీలో కన్నా మసగ్గా కనిపిస్తుంది. టీవీ పాడైందని కంగారు పడకండి. చానల్ ప్యాక్‌ను హెచ్‌డీకి మార్చుకుంటే సరిపోతుంది.

రెండో మెట్టు: దేని మీద ఆడతారో చూసుకోండి

టీవీలో ఎన్ని పిక్సెళ్లున్నా కన్సోల్ పంపినన్నే అసలైనవి. మిగతావి టీవీ ఊహించి నింపేవి.

మామూలు పీఎస్4 బయటికి పంపేది 1080పీ మాత్రమే. 4కే టీవీకి తగిలిస్తే ఒక్కో పిక్సెల్ నాలుగు గళ్లలో పడుతుంది. బొమ్మ చెడదు, అలాగని కొత్త వివరమూ రాదు. పీఎస్4 ప్రో 4కే పంపుతుంది గానీ చాలా ఆటల్లో అది సగం పిక్సెళ్లే గీసి మిగతా సగాన్ని లెక్కగట్టి నింపుతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 1440పీని (2560×1440) లక్ష్యంగా పెట్టుకుని తయారైంది. మొదటి నింటెండో స్విచ్ టీవీకి 1080పీ దాటి ఇవ్వదు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 డాక్‌లో పెడితే 4కే 60 (సెకనుకు 60 ఫ్రేములు) దాకా, 1080పీ లేదా 1440పీలో 120 దాకా ఇస్తుంది.

పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ 4కే 120 పంపగలవు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కన్సోల్ టీవీకి పంపే సిగ్నల్ 4కే కావడం వేరు, లోపల ఆటను గీసే రిజల్యూషన్ వేరు. పెద్ద ఆటల్లో సాధారణంగా రెండు మోడ్‌లుంటాయి. క్వాలిటీ మోడ్‌లో 4కేకు దగ్గరగా గీసి సెకనుకు 30 ఫ్రేములు ఇస్తుంది. పెర్ఫార్మెన్స్ మోడ్‌లో 60 ఫ్రేములు ఇస్తుంది, అందుకోసం లోపలి రిజల్యూషన్‌ను చాలాసార్లు 1440పీ దగ్గరికి, బరువైన సన్నివేశంలో అంతకన్నా కిందికి దించుకుంటుంది. తర్వాత దాన్ని 4కేకు పెంచి పంపుతుంది. టీవీ ఇన్ఫో పట్టీ మీద 2160పీ అనే ఉంటుంది, కానీ తెర మీదున్న అసలు వివరం 4కేలో సగమో, అంతకు తక్కువో. వేగంగా కదిలే ఆటలు ఆడేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఈ రెండో మోడ్‌నే. వాళ్లు పూర్తి 4కే చూసేది ఎప్పుడో ఒకప్పుడే.

కంప్యూటర్ తగిలించేవాళ్ల సంగతి కొంచెం వేరు. 4కేలో గీయాల్సిన పిక్సెళ్లు 1080పీకి నాలుగు రెట్లు, 1440పీకి రెండుంబావు రెట్లు. గ్రాఫిక్స్ కార్డు మధ్యరకందైతే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెంచి చూపడం) పెట్టుకోక తప్పదు. 1080పీని అడ్డంగా, నిలువుగా సరిగ్గా రెండింతలు చేస్తే 4కే అవుతుంది కాబట్టి గళ్లు సమంగా కూర్చుంటాయి. 1440పీ ఒకటిన్నర రెట్లు కాబట్టి అక్షరాల అంచులు కాస్త మెత్తబడతాయి. ఫోన్‌లో ఆడే ఆటను వైఫైతో టీవీకి కాస్ట్ చేసి ఆడదామనుకుంటే మాత్రం రిజల్యూషన్ గురించి ఆలోచించడమే అనవసరం. ఆ ఆలస్యంలో కాల్పుల ఆట ఆడలేరు. ఫోన్ టైప్-సీ నుంచి వీడియో ఇచ్చే రకమైతే హెచ్‌డీఎంఐ అడాప్టరుతో కేబుల్ వేసుకోండి.

మూడో మెట్టు: కదిలే బొమ్మలో పిక్సెళ్లు ఏమవుతాయో తెలుసుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

షాపులో 4కే డెమో వీడియో నెమ్మదిగా కదులుతుంది. పూల రేకులు, కొండలు, జలపాతాలు. ఆటలో అలా ఉండదు, కెమెరా గిర్రున తిరుగుతుంది. బొమ్మ ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు సెకన్లలో కదిలిందనుకోండి. 4కే తెర వెడల్పు 3,840 పిక్సెళ్లు, అంటే సెకనుకు 1,920 పిక్సెళ్ల వేగం. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే) తెర మీద ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు కదలకుండా నిలుస్తుంది. ఈలోగా మీ కన్ను బొమ్మతోపాటు జరుగుతూనే ఉంటుంది. ఫలితంగా ప్రతి అంచూ 32 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. 120 హెర్ట్జ్‌లో 120 ఫ్రేములు వస్తే ఫ్రేము నిలిచేది 8.3 మిల్లీసెకన్లే, అలుకు 16 పిక్సెళ్లు.

అంటే తిరిగే బొమ్మలో 4కే తెర కూడా తన వివరాన్ని చూపలేదు. ఆ క్షణంలో 60 హెర్ట్జ్ మీద 4కే టీవీ, 1080పీ టీవీ పక్కపక్కన పెట్టినా అలుకు వెడల్పు ఒకటే. దాన్ని తగ్గించేది ఫ్రేముల వేగం. దానికి తోడు ప్యానెల్ రంగు మార్చుకునే చురుకుదనం కూడా ఉండాలి. చవక వీఏ (ఎల్‌సీడీలో ఒక రకం) ప్యానెళ్లలో నల్లటి భాగాలు మారడానికి ఆలస్యమై, చీకటి సన్నివేశాల్లో బొమ్మ వెనక నల్లటి తోక కనిపిస్తుంది. ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలిగే ఓఎల్ఈడీలో ఈ బాధ దాదాపు లేదు.

ఇన్‌పుట్ ల్యాగ్ ఇంకో సంగతి. బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద మార్పు కనిపించే దాకా టీవీ తినేసే సమయం అది. గేమ్ మోడ్ పెడితే మంచి టీవీల్లో 60 హెర్ట్జ్ దగ్గర 10-15 మిల్లీసెకన్లు ఉంటుంది. గేమ్ మోడ్ లేకుండా సినిమా మోడ్‌లో ఆడితే 50 నుంచి 100 మిల్లీసెకన్లు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. క్రికెట్ ఆటలో బంతికి బ్యాటు అందకపోవడానికి చాలాసార్లు మీ చేతి తప్పు కాదు, ఈ మోడే కారణం.

కాబట్టి వరస ఇది: 4కే 60 హెర్ట్జ్ కన్నా 4కే 120 హెర్ట్జ్ చాలా మేలు. 8కే కన్నా 4కే 120 వెయ్యి రెట్లు మేలు. ఎప్పుడూ కథ నడిచే ఆటలు, నెమ్మదైన ఆటలు క్వాలిటీ మోడ్‌లో ఆడేవారికి మాత్రం 60 హెర్ట్జ్ టీవీ సరిపోతుంది. వాళ్లు మిగిలిన డబ్బును కాంట్రాస్టు మీద పెట్టాలి.

నాలుగో మెట్టు: డబ్బాపై రాసినదాన్ని చదవడం

"120 హెర్ట్జ్ ఎంఈఎంసీ", "మోషన్ రేట్ 120" అని రాసి ఉంటే ఆగండి. ఎంఈఎంసీ అంటే రెండు ఫ్రేముల మధ్య టీవీ తనే ఒకటి కల్పించి ఇరికించడం. దాంతో ఆలస్యం పెరుగుతుంది, గేమ్ మోడ్‌లో అది మామూలుగా ఆగిపోతుంది. వెనక ఉన్న ప్యానెల్ 60 హెర్ట్జ్‌దే అయి ఉండొచ్చు. "డీఎల్‌జీ 120" అని ఉంటే అదింకో కిటుకు. 60 హెర్ట్జ్ ప్యానెల్‌లో రెండేసి అడ్డ వరసలను ఒకేసారి నడిపి వేగాన్ని రెట్టింపు చేస్తారు, నిలువు రిజల్యూషన్ సగానికి పడిపోతుంది. పోటీ ఆటలకు అది పనికిరానిది కాదు. కానీ అసలైన 4కే 120 ధర దానికి ఇవ్వకూడదు.

"హెచ్‌డీఎంఐ 2.1" అన్న ముద్ర కూడా ఏమీ హామీ ఇవ్వదు. ఆ ముద్ర ఉండి 4కే 60 మాత్రమే తీసుకునే టీవీలు బోలెడు. వాటిలో ఉండేది ఏఎల్‌ఎల్‌ఎం, అంటే కన్సోల్ ఆన్ కాగానే గేమ్ మోడ్ దానంతటదే పడటం, ఇంకా ఈఆర్క్, అంటే టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే దారి, అంతే. పాత హెచ్‌డీఎంఐ 2.0 దారి వెడల్పు సెకనుకు 18 గిగాబిట్లు, అది 4కే 60కి సరిపోతుంది. 2.1 ప్రమాణం 48 గిగాబిట్ల దాకా వెళ్తుంది, 4కే 120కి 18 గిగాబిట్ల కన్నా ఎక్కువ వెడల్పు కావాలి. నాలుగు పోర్టులున్న టీవీలో రెండే పూర్తి వేగంవి కావడం, అందులో ఒకటి ఈఆర్క్ పోర్టే కావడం తరచూ చూస్తాం. సౌండ్‌బార్ దానికి పెడితే కన్సోల్‌కు మిగిలేది ఒక్కటే. రెండు కన్సోళ్లున్నవారు ఇది ముందే లెక్క చూసుకోవాలి.

వీఆర్‌ఆర్, అంటే ఆట ఫ్రేముల వేగాన్ని బట్టి తెర తన రిఫ్రెష్ రేటు మార్చుకోవడం, తప్పక ఉండాలి. ఆట 60 ఫ్రేముల నుంచి 52కు పడినప్పుడు తెర చిరగకుండా, కుదుపు తెలియకుండా చేసేది ఇదే. పీఎస్5లో ఈ వసతి 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. పీఎస్5కు హెచ్‌డీఎంఐ వీఆర్‌ఆర్ ఉన్న టీవీయే కావాలి.

హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) విషయంలో ముద్రను కాక వెలుగును అడగండి. 250-300 నిట్ల (నిట్ అంటే తెర వెలుగు కొలత) టీవీ హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకుంటుంది గానీ చూపలేదు. 600 నిట్లు దాటి, లోకల్ డిమ్మింగ్ (తెర వెనక వెలుగును భాగాలుగా తగ్గించడం) ఉంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వరండా వైపు కిటికీలు తెరిచి ఉండే, పగటి వెలుగు నిండే హాలుకు వెలుగెక్కువున్న మినీ ఎల్ఈడీ (తెర వెనక చిన్న చిన్న ఎల్ఈడీ దీపాలుండే రకం) మేలు. తలుపులేసి చీకట్లో ఆడే గదికి ఓఎల్ఈడీ మేలు. ఓఎల్ఈడీలో స్కోరు పట్టీ, మ్యాపు లాంటి కదలని బొమ్మలు రోజూ గంటల తరబడి ఉంటే మచ్చ పడే ప్రమాదం ఉంది. ఏడాది పొడవునా ఒకే ఆట ఆడేవాళ్లు, న్యూస్ చానల్ రోజంతా ఆన్‌లో ఉంచే ఇళ్లవాళ్లు దానికి దూరంగా ఉండటమే మంచిది.

ఐదో మెట్టు: షాపులో ఏం చేయాలి

కొనే రోజు సెలవు రోజు కాకుండా చూసుకోండి. రద్దీలో ఎవరూ మీ కన్సోల్ తగిలించనివ్వరు. రాజమహేంద్రవరంలోనైనా, కాకినాడలోనైనా, అమలాపురంలోనైనా పనిదినం మధ్యాహ్నం వెళ్తే తీరిగ్గా చూపిస్తారు. ముందు మోడల్ నంబరు పూర్తిగా రాసుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. చివర ఒక్క అక్షరం తేడాతో 120 హెర్ట్జ్ కాస్తా 60 అయిపోతుంది. ఒకే సిరీస్‌లో 43, 50 అంగుళాలవి 60 హెర్ట్జ్, 55 నుంచి 120 హెర్ట్జ్ ఉండటం కూడా కద్దు.

సేల్స్ అబ్బాయిని అడగాల్సినవి ఇలా సూటిగా అడగండి: "ప్యానెల్ సొంత రిఫ్రెష్ రేటు ఎంతండీ? 120 అన్నది 4కేలోనా, 1080లోనా అండీ? ఏయే పోర్టులు 120 తీసుకుంటాయండీ?" తెలియదంటే కోప్పడకండి, మాన్యువల్ తెరిచి చూపించమనండి. పోర్టుల పక్కన "4కే 120" అని ముద్ర ఉంటుంది చాలా టీవీలకు.

షోరూములో టీవీలన్నీ స్టోర్ మోడ్‌లో, కళ్లు జిగేలనేలా ఉంటాయి. పిక్చర్ మోడ్‌ను గేమ్‌కు మార్పించి చూడండి. కొన్ని టీవీలు గేమ్ మోడ్‌లో వెలుగు, డిమ్మింగ్ రెండూ తగ్గించేస్తాయి. మీరు ఇంట్లో చూడబోయేది ఆ బొమ్మనే. కన్సోల్ తీసుకెళ్లగలిగితే ల్యాగ్ కూడా కొలవొచ్చు. ఫోన్ స్లో మోషన్‌ను 240 ఫ్రేములకు పెట్టి, కంట్రోలరు బటనూ తెరా రెండూ ఫ్రేములో పడేలా తీయండి. బటన్ దిగిన ఫ్రేము నుంచి తెర మీద కదలిక మొదలైన ఫ్రేము దాకా లెక్కపెట్టి 4.17తో గుణిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. అందులో ఆట, కంట్రోలరు ఆలస్యం కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఒక్క అంకెకు అర్థం లేదు. ఒకే ఆటతో రెండు టీవీలను పోల్చండి.

ధర దగ్గర ఒక మాట. 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. బిల్లు మీద 18 శాతమే ఉందా అని చూసుకోండి. బడ్జెట్ బిగువుగా ఉండి 65 అంగుళాల 60 హెర్ట్జ్, 55 అంగుళాల 120 హెర్ట్జ్ రెండూ ఒకే ధరకు వస్తుంటే, మీరు ఏడడుగుల్లోపు కూర్చుంటే 55 తీసుకోండి. పది అడుగుల అవతల నుంచి కుటుంబమంతా సినిమాలు చూసేదే ఎక్కువైతే 65కే మొగ్గండి. 32 అంగుళాల బెడ్‌రూమ్ టీవీ, మామూలు పీఎస్4, ఈ రెండూ ఉన్నచోట 1366×768 తెర కాకుండా 1080పీ తెర అడిగి తీసుకుంటే చాలు.

పెద్ద తెరను నిలబెట్టే తేవాలి. ఆటోలో వెల్లకిలా పడుకోబెట్టి, పైన అట్టపెట్టెలు పేర్చి తెస్తే గుంతల రోడ్డు మీద ప్యానెల్ పగులుతుంది, అది వారంటీలోకి రాదు. పంటు (పడవ) ఎక్కి నది దాటాల్సిన లంక గ్రామాలవారు ఇంటిదాకా డెలివరీ, ఇంటికొచ్చి సర్వీసు ఉన్నాయో లేదో పిన్‌కోడ్ చెప్పి ముందే రాయించుకోండి.

ఆరో మెట్టు: తగిలించడం, సెట్ చేయడం

కాలువ శివారు చేనుకు నీరందాలంటే పైన ఏ తూమూ మూసి ఉండకూడదు. ఇక్కడా అంతే. కన్సోల్, కేబుల్, పోర్టు, టీవీ సెట్టింగు, వీటిలో ఒక్కటి వెనకబడినా 4కే 120 రాదు.

పీఎస్5 పెట్టెలో వచ్చిన కేబులే వాడండి. అది అల్ట్రా హై స్పీడ్ రకం. పాత పీఎస్4 కేబులు, సెట్‌టాప్ బాక్సుతో వచ్చిన కేబులు పనికిరావు. మామూలు రాగి కేబులు మూడు మీటర్ల దాకా నమ్మకం. అంతకన్నా దూరమైతే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబులు కావాలి, దానికి కన్సోల్ వైపు ఏది, టీవీ వైపు ఏది అన్నది రాసి ఉంటుంది, తిరగేస్తే బొమ్మ రాదు. ఇల్లు కడుతున్నవారు గోడలో కేబులు పాతిపెట్టకండి. ఒకటిన్నర అంగుళాల పైపు, మలుపులు గుండ్రంగా ఉండేలా, లోపల లాగే తాడుతో సహా వేయించండి. కేబుళ్లు మారుతుంటాయి, గోడ మారదు.

టీవీలో ఆ పోర్టు వేగాన్ని తెరవాలి. ఇది చాలామంది మరిచిపోయే మెట్టు. శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్ అని, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అని ఉంటుంది. మిగతా కంపెనీల్లో కొన్ని హెచ్‌డీఎంఐ వెర్షన్ 2.0, 2.1 అని ఎంచుకోమంటాయి.

పీఎస్5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో అవుట్‌పుట్‌లోకి వెళ్లండి. రిజల్యూషన్ 2160పీ, 120 హెర్ట్జ్ అవుట్‌పుట్ ఆటోమేటిక్, వీఆర్‌ఆర్ ఆటోమేటిక్ పెట్టండి. తర్వాత వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే టీవీ ఏమేం తీసుకుంటోందో వరసగా కనిపిస్తుంది. ఎక్స్‌బాక్స్‌లో 4కే టీవీ డిటైల్స్ అనే పేజీ ఇదే పని చేస్తుంది. ఆ తర్వాత పీఎస్5 గేమ్ ప్రీసెట్స్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టుకుంటే, ఆ వసతిని పాటించే ఆటలన్నీ ఆ మోడ్‌లోనే మొదలవుతాయి.

టీవీ వైపు: గేమ్ మోడ్ ఆన్. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆఫ్. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, అది పెంచితే వచ్చే తెల్లటి అంచులు వివరం కాదు. అంచుల్లో స్కోరు కోసుకుపోతుంటే ఓవర్‌స్కాన్ ఆన్‌లో ఉందన్నమాట, జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ అన్నది పెట్టండి. ఈ ఓవర్‌స్కాన్ వల్ల బొమ్మ సాగి 4కే స్పష్టత మొత్తం పోతుంది. ఆఖరున పీఎస్5లో అడ్జస్ట్ హెచ్‌డీఆర్ తెరల్లో చెప్పినట్టు సరిచేసుకోండి. టీవీలో హెచ్‌జీఐజీ (ఆటల హెచ్‌డీఆర్ కోసం ఉన్న సెట్టింగు) ఉంటే ముందు దాన్ని ఎంచుకోండి.

ఇక వచ్చే తంటాలు. బొమ్మ మధ్యమధ్యలో నల్లబడి తిరిగొస్తుంటే, చుక్కలు మెరుస్తుంటే నూటికి తొంభై పాళ్లు కేబులే. కేబుల్ మార్చినా పోకపోతే పీఎస్5లో 4కే వీడియో ట్రాన్స్‌ఫర్ రేట్‌ను ఒక మెట్టు తగ్గించండి. అసలు సిగ్నలే లేకపోతే కన్సోల్ పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ను రెండో బీప్ వినిపించే దాకా, సుమారు ఏడు సెకన్లు, నొక్కి పట్టుకోండి. సేఫ్ మోడ్‌లో చేంజ్ వీడియో అవుట్‌పుట్ ఎంచుకుని రిజల్యూషన్ మార్చుకోవచ్చు. కంట్రోలరును కేబుల్‌తో తగిలించాలి. 120 రావడం లేదంటే కన్సోల్ సౌండ్‌బార్ మీదుగా వెళ్తోందేమో చూడండి. చాలా బార్లు 4కే 60 దగ్గరే ఆగిపోతాయి. కన్సోల్‌ను నేరుగా టీవీకి, బార్‌ను ఈఆర్క్‌కు కలపండి.

టీవీ ఎత్తు కూడా బొమ్మను చెడగొడుతుంది. సోఫాలో కూర్చుంటే కన్ను నేల నుంచి 40-42 అంగుళాల ఎత్తులో, చాప మీద కూర్చుంటే 30 అంగుళాల దగ్గర ఉంటుంది. తెర మధ్యభాగం ఆ ఎత్తుకు దగ్గరగా ఉండాలి. తలుపు పైకమ్మీ ఎత్తున బిగిస్తే వీఏ ప్యానెల్‌లో కింద నుంచి చూసినప్పుడు రంగులు వెలిసిపోతాయి, మెడ కూడా పట్టేస్తుంది.

ఏడో మెట్టు: కరెంటు, పిడుగు, తేమ

ఇప్పటి టీవీల్లో చాలావాటి వెనక 100-240 వోల్టులు అని ఉంటుంది. అంటే వోల్టేజి పడినంత మాత్రాన అవి పాడవ్వవు. స్టెబిలైజరు కన్నా ఎర్తింగు, సర్జ్ ప్రొటెక్టరు ముఖ్యం. ప్రొటెక్టరు పనిచేయాలంటే ఎర్తు ఉండాలి, కాబట్టి ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు గుంత చూపించండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలితో వచ్చే ఉరుముల వానల్లో ప్లగ్గు తీసేయడమే అన్నింటికన్నా గట్టి రక్షణ. డిష్ కేబులు, ఇంటర్నెట్ ల్యాన్ తీగ కూడా తీయండి. పిడుగు దెబ్బ హెచ్‌డీఎంఐ పోర్టులకు చాలాసార్లు వచ్చేది ఆ దారుల్లోనే.

పీఎస్5 ఆడేటప్పుడు 200 వాట్ల దాకా తీసుకుంటుంది, 55 అంగుళాల టీవీ 100-150 వాట్లు. రెండూ కలిపి 350 వాట్లు. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్ సాధారణంగా మోయగలిగేది 360 వాట్లే కాబట్టి అది అంచుమీదే ఉంటుంది, 1000 వీఏ తీసుకోండి. ఇంటి ఇన్వర్టరు మీద నడపాలంటే అది ప్యూర్ సైన్ వేవ్ రకమై ఉండాలి. ఆట సేవ్ అవుతుండగా కరెంటు పోతే సేవ్ ఫైలు చెడొచ్చు, రెస్ట్ మోడ్‌లో పోయినా కన్సోల్ తర్వాత స్టోరేజీ సరిచూసుకుంటానంటుంది. కోతలుండే ఊళ్లో యూపీఎస్ లేకపోతే రెస్ట్ మోడ్ వద్దు, పూర్తిగా ఆపేయండి.

అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి పోర్టులను తుప్పు పట్టిస్తుంది. వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టండి. కన్సోల్ చుట్టూ నాలుగంగుళాల ఖాళీ వదలండి, తలుపులున్న అలమరాలో బంధించకండి. వానాకాలంలో ఎవరూ వాడకుండా వదిలేసే టీవీని వారానికోసారి గంటసేపు నడిపించండి, లోపలి తేమ ఆరుతుంది.

టీవీ బిగించిన రోజే పెన్‌డ్రైవ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు, బూడిద రంగుల 4కే బొమ్మలు వేసి ఒక్కోటి నిండు తెర మీద చూడండి. వెలగని చుక్క, ఎప్పుడూ వెలిగే చుక్క, బూడిద రంగు మీద నిలువు చారలు కనిపిస్తే వెంటనే ఫొటో తీసి షాపుకు పంపండి. మార్చి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది. అది దాటితే కంపెనీ సర్వీసు చుక్కలు లెక్కపెట్టి, ఇన్ని దాటితేనే ప్యానెల్ మారుస్తాం అంటుంది.